ఇంజిన్ మార్చాక ముందు క్లచ్, ఆ తర్వాతే గేరింగ్

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. 600 సీసీ స్నోమొబైల్‌లో (మంచు మీద నడిచే బండి) పాత ఇంజిన్ తీసేసి 800 సీసీ టూ-స్ట్రోక్ ట్విన్ పెట్టారు. పాత బండి క్లచ్‌లు రెండూ అలాగే ఉంచారు. ఫుల్ థ్రాటిల్ ఇస్తే మీటరు 8500 చూపిస్తోంది, ఆ ఇంజిన్ పీక్ పవర్ మాత్రం 8000 దగ్గర. మోత పెరిగింది గానీ వేగం అనుకున్నంత పెరగలేదు. ఇప్పటికే రెండు బెల్టులు కాలిపోయాయి. చైన్‌కేస్‌లో, అంటే క్లచ్ నుంచి ట్రాక్‌కి (బండి కింద తిరిగే రబ్బరు పట్టా) గొలుసుతో బలం పంపే పెట్టెలో, పై స్ప్రాకెట్ పెద్దది వేస్తే ఆర్పీఎం దిగుతుందని ఎవరో చెప్పారు, వేయమంటారా అని అడిగారు.

ఇప్పుడే వేయకండి. ముందు క్లచ్‌ని కొత్త ఇంజిన్‌కి సరిపెట్టండి, గేరింగ్ (ఆ స్ప్రాకెట్ల పళ్ళ నిష్పత్తి) వంతు చివర్లో వస్తుంది. ఈ వరస తప్పితే ఏమవుతుందో నేను ఒక చలికాలమంతా అనుభవించాను, అది కూడా కింద చెప్తాను.

ముందు కారణం చూద్దాం. గేర్లు లేని స్కూటర్‌లో వేరియేటర్ విప్పి చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా తెలుస్తుంది, ఇక్కడా మూలసూత్రం అదే. క్రాంక్ మీద ప్రైమరీ క్లచ్, చైన్‌కేస్‌ని తిప్పే జాక్‌షాఫ్ట్ మీద సెకండరీ, రెండింటికీ మధ్య రబ్బరు బెల్టు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ప్రైమరీలోని వెయిట్లు అపకేంద్ర బలంతో బయటికి విచ్చుకుని, కదిలే పలకని బెల్టు మీదికి నెడతాయి. స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తూ ఉంటుంది. అటువైపు సెకండరీలో, బెల్టు తెచ్చిన టార్క్‌కీ ట్రాక్ మీద పడే లోడ్‌కీ మధ్య హీలిక్స్ అనే ఏటవాలు భాగం చిక్కి, ఆ పలకలు కూడా బెల్టుని నొక్కుతాయి. ప్రైమరీ బెల్టుని తన అంచువైపు తోయాలని చూస్తుంది, సెకండరీ తన అంచు దగ్గరే ఉంచుకోవాలని చూస్తుంది. ఈ పెనుగులాట ఏ ఆర్పీఎం దగ్గర సమానమవుతుందో, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ అక్కడ నిలబడుతుంది.

ఇప్పుడు మీ బండిలో జరిగింది చూడండి. పాత 600 ఇంజిన్ టార్క్‌కి సరిపడేలా ఎంచిన వెయిట్లు లోపల ఉన్నాయి. కొత్త ఇంజిన్ టార్క్ ఎక్కువ కాబట్టి హీలిక్స్ ద్వారా సెకండరీ బిగింపు పెరిగింది. ఆ బిగింపుని ఓడించి బెల్టుని పైకి తోయడానికి పాత వెయిట్ల బలం 8000 దగ్గర చాలడం లేదు. 8500కి ఎక్కితే గానీ సరిపోవడం లేదు. ఆ 8500 దగ్గర ఎగ్జాస్ట్ పైపు ట్యూనింగ్ దాటిపోతుంది, పవర్ పడిపోతుంది. మోత ఉండి వేగం లేకపోవడానికి కారణం ఇదే. పైగా కదిలే మొదటి క్షణాల్లో, ఆర్పీఎం ఇంకా ఎక్కకముందు, ప్రైమరీ పట్టు చాలక బెల్టు జారుతుంది. బెల్టులు కాలడం అక్కడే మొదలవుతుంది.

పై స్ప్రాకెట్ పెద్దది చేస్తే ఏమవుతుంది? ఇంజిన్ మీద లోడ్ పెరుగుతుంది. క్లచ్ ఆ లోడ్‌ని గమనించి అంతకుముందుకన్నా లో రేషియోలో (లో గేరు లాంటి స్థితిలో) ఉండిపోతుంది. ఆర్పీఎం కాస్త దిగినట్టు కనిపించవచ్చు గానీ, బెల్టు ప్రైమరీ నడిమి దగ్గర చిన్న చుట్టులో ఎక్కువసేపు నలుగుతుంది. చుట్టు చిన్నదైతే పలకని తాకే బెల్టు పొడవు తక్కువ, వంపు ఎక్కువ. అంటే వేడి ఇంకా పెరుగుతుంది. మూడో బెల్టు కూడా పోతుంది.

ఇక పని మొదలుపెట్టండి. అయితే వెయిట్ల జోలికి వెళ్ళకముందే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంజిన్ మార్చిన బండిలో వీటిని దాటేసి ట్యూనింగ్ చేయడం వృథా.

మొట్టమొదటిది మీటరు. చాలా స్నోమొబైళ్ళలో ట్యాకోమీటరు ఆల్టర్నేటర్ నుంచి వచ్చే పల్సులు లెక్కపెట్టి ఆర్పీఎం చూపిస్తుంది. 12 పోల్స్ ఉన్న స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో తిరగని భాగం) ఒక్కో చుట్టుకి 6 పల్సులు ఇస్తుంది. కొత్త ఇంజిన్ స్టేటర్ పోల్స్ సంఖ్య వేరైతే, పాత డాష్‌బోర్డు చూపించే 8500 నిజంగా 8500 కాదు. కాబట్టి స్పార్క్ ప్లగ్ వైరుకి చుట్టే చిన్న డిజిటల్ ట్యాకో తెచ్చి, రెండూ ఒక్కటే చెబుతున్నాయో లేదో చూడండి. టూ-స్ట్రోక్‌లో సాధారణంగా ప్రతి చుట్టుకీ ఒక స్పార్క్ వస్తుంది, ట్యాకోలో మీ ఇంజిన్‌కి తగిన సెట్టింగే పెట్టాలి. మీ మొత్తం ట్యూనింగ్ ఈ ఒక్క అంకె మీద నిలబడుతుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

రెండోది క్రాంక్ టేపర్, అంటే క్లచ్ కూర్చునే క్రాంక్ చివరి వాలు భాగం. పాత ప్రైమరీని కొత్త క్రాంక్ మీదికి ఎక్కించారు. బోల్టు బిగిసినంత మాత్రాన టేపర్ కుదిరినట్టు కాదు. క్రాంక్ టేపర్ మీద మార్కర్‌తో సన్నటి గీతలు గీసి, క్లచ్‌ని చేత్తో తొడిగి, కాస్త తిప్పి తీసి చూడండి. గీతలు పొడవునా సమానంగా చెరిగితే మంచిది. ఒక చివరే చెరిగితే ఆ క్లచ్ ఆ క్రాంక్‌ది కాదు, దాన్ని నడపకండి. ఎక్కించేటప్పుడు రెండు టేపర్లూ నూనె, గ్రీజు లేకుండా పొడిగా ఉండాలి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించి, ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించండి.

మూడోది అలైన్‌మెంట్, అంటే రెండు క్లచ్‌లూ ఒకే వరసలో ఉండటం. నా చలికాలం పోయింది ఇక్కడే. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఇలాగే పెద్ద ఇంజిన్ మార్చుకున్నాను. బెల్టు కాలుతుంటే ముందు గేరింగ్ మార్చాను, తర్వాత వెయిట్లు, తర్వాత హీలిక్స్. ఏది మార్చినా ఒక రోజు బాగున్నట్టు ఉండేది, మర్నాడు మళ్ళీ రబ్బరు వాసన. చివరికి క్లచ్‌ల మీద ఇనుప పట్టీ ఆనించి చూస్తే, ఇంజిన్ వెనక మౌంటు ఒకవైపు జారి, ప్రైమరీ 2 మి.మీ. వంకరగా కూర్చుని ఉంది. బెల్టు ఒక పక్క అంచు గాజులా మెరుస్తూ, రెండో పక్క మామూలుగా ఉండేది. ఆ గుర్తు మొదటి బెల్టు మీదే కనిపించింది, నేను దాన్ని చదవలేదు. మీ కాలిన బెల్టులు పారేయకపోయి ఉంటే ఇప్పుడే తీసి రెండు పక్కలూ వెలుతురులో పెట్టి చూడండి. ఒకవైపే గట్టిపడి మెరుస్తుంటే అలైన్‌మెంట్. రెండువైపులా సమానంగా కాలి ఉంటే పట్టు చాలని జారుడు. ఒకే చోట గుంట పడి ఉంటే, బండి కదలకుండా ట్రాక్ బిగుసుకుపోయి ఉండగా థ్రాటిల్ ఇచ్చారన్నమాట.

ఫుల్ థ్రాటిల్‌లో బెల్టు ఇంజిన్‌ని సెకండరీ వైపు లాగుతుంది. ఇంజిన్‌ని ఆ లాగుడుకి కదలకుండా ఆపే టార్క్ స్టాప్ ఉంటే దాని సందు సరిచూడండి. లేకపోతే నిలబడి ఉన్నప్పుడు ఉన్న అలైన్‌మెంట్ నడిచేటప్పుడు ఉండదు. రెండు క్లచ్‌ల మధ్య దూరం, ఆఫ్‌సెట్ (ఒకటి రెండోదానికన్నా పక్కకి ఉండే తేడా) ఛాసిస్ మాన్యువల్ ప్రకారం ఉండాలి. బెల్టు మధ్యలో నొక్కితే దిగే లోతు చాలా బళ్ళలో 30 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది.

రెండు బెల్టులు కాలాయి కాబట్టి క్లచ్ లోపల నల్లటి పొడి, పలకల మీద రబ్బరు పూత ఖాయంగా ఉంటాయి. వాటిని తుడవకుండా కొత్త బెల్టు వేస్తే అది పాత రబ్బరు మీదే జారుతుంది. స్క్రబ్బర్‌తో పలకలని అడ్డంగా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. రోలర్లు చదునుగా అరిగాయా, బుషింగులు వదులయ్యాయా, సెకండరీ బటన్లు (హీలిక్స్ మీద జారే చిన్న ముక్కలు) సన్నబడ్డాయా చూడండి. అరిగిన రోలర్‌తో ఎన్ని గ్రాములు మార్చినా ఫలితం నిలకడగా రాదు. కొత్త బెల్టుని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, మొదటి 30, 40 కిలోమీటర్లు మెల్లగా నడిపాకే ఫుల్ థ్రాటిల్ టెస్టు చేయండి.

ఇంకొక్క మాట, ఇంధన మిశ్రమం. లీన్‌గా, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువై నడుస్తున్న ఇంజిన్‌కి క్లచ్ సరిపెట్టి ఫుల్ లోడ్ మీద నిలబెడితే పిస్టన్ కరుగుతుంది. ప్లగ్‌లు తీసి రంగు చూసుకుని, అది సరిగా ఉందనుకున్నాకే ముందుకెళ్ళండి.

ఇప్పుడు వెయిట్లు. ఉదాహరణకి మీ పాత వెయిట్లు ఒక్కొక్కటి 54 గ్రాములు అనుకుందాం. అపకేంద్ర బలం బరువుతో నేరుగా, ఆర్పీఎం వర్గంతో పెరుగుతుంది. 8500 దగ్గర 54 గ్రాములు ఇస్తున్న బలమే 8000 దగ్గర కావాలంటే, 54ని 8500 వర్గంతో గుణించి 8000 వర్గంతో భాగించాలి. దాదాపు 61 గ్రాములు వస్తుంది. 7 గ్రాములకి 500 ఆర్పీఎం, అంటే గ్రాముకి సుమారు 70. చాలా బళ్ళలో చేత్తో చేసి చూసినా గ్రాముకి 50 నుంచి 100 మధ్యే దిగుతుంది కాబట్టి ఈ లెక్కని నమ్మి మొదలుపెట్టవచ్చు. నేనైతే ఒకేసారి 61కి వెళ్ళను. 59తో మొదలుపెట్టి, చూసి, ఒక్కో గ్రాము పెంచుతాను. వెయిట్లు మరీ బరువైతే ఇంజిన్ పీక్ కిందకి జారి, ఫుల్ థ్రాటిల్‌లో ఈడుస్తూ నడుస్తుంది. అది డిటొనేషన్‌కి (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడానికి) దారి. కాస్త ఎక్కువ ఆర్పీఎంలో ఉండటం కన్నా అది చాలా ప్రమాదం.

ఇంతకన్నా తేలిక దారి కూడా ఉంది. ఆ 800 ఇంజిన్ ఏ బండి నుంచి వచ్చిందో ఆ బండికి కంపెనీ వేసిన వెయిట్లు, స్ప్రింగు, హీలిక్స్ ఏమిటో దాని సర్వీస్ మాన్యువల్‌లో చూసి, వాటితోనే మొదలుపెట్టండి. కానీ ఆ బండి పర్వతాల మీద నడిచే రకమైతే జాగ్రత్త. ఎత్తు ప్రతి 300 మీటర్లకి ఇంజిన్ పవర్ సుమారు 3 శాతం తగ్గుతుంది, అందుకే ఆ బళ్ళకి తేలికపాటి వెయిట్లు వేస్తారు. అవే వెయిట్లతో కింద నడిపితే మళ్ళీ ఇదే ఓవర్‌రెవ్ వస్తుంది. మీరు ఎత్తు ప్రదేశాలకీ కిందికీ తిరిగేవారైతే, రెండు సెట్లు పెట్టుకోవడం కన్నా రంధ్రాల్లో చిన్న స్క్రూలు, రివెట్లు వేసి బరువు మార్చుకునే వెయిట్లు కొనుక్కోండి. స్కీ-డూ కంపెనీ టీఆర్ఏ రకం క్లచ్ ఉన్న బండిలో అయితే బయటి నుంచే మార్చే ఆరు క్లిక్కర్ స్థానాలు ఉంటాయి, ఒక్కో స్థానం దాదాపు 200 ఆర్పీఎం. మూడో స్థానంలో పెట్టి వెయిట్లు సరిచేసుకుంటే రెండువైపులా చోటు మిగులుతుంది.

యమహా ఆర్ఎక్స్-1, ఏపెక్స్ లాంటి ఫోర్-స్ట్రోక్ ఇంజిన్లు మార్చేవాళ్ళు ఈ లెక్కని నేరుగా వాడకూడదు. వాటిలో క్రాంక్‌కీ క్లచ్‌కీ మధ్య రిడక్షన్ గేర్ ఉంటుంది, క్లచ్ తిరిగేది క్రాంక్ కన్నా తక్కువ వేగంతో. వెయిట్ లెక్కకి కావలసింది క్లచ్ వేగం.

టెస్టు చేసే పద్ధతి బాగా ముఖ్యం. టూ-స్ట్రోక్ ఎగ్జాస్ట్ పైపు వేడెక్కేకొద్దీ లోపల ధ్వని వేగం పెరుగుతుంది, పీక్ పవర్ ఆర్పీఎం కూడా దానితోపాటు పైకి జరుగుతుంది. చల్లని పైపుతో మూడు సెకన్లు థ్రాటిల్ నొక్కి చూసిన అంకె మీద ట్యూనింగ్ చేస్తే, పొడవైన పరుగులో తప్పవుతుంది. ఇంజిన్, బెల్టు, పైపు అన్నీ వేడెక్కాక, చదునైన, విశాలమైన మంచు మీద, ఒకే చోట, ఒకే దిశలో కనీసం 400 మీటర్లు లాగండి. మొదట్లో, మధ్యలో, చివర్లో ఆర్పీఎం ఎంతో చూసి రాసుకోండి. ఒక్కసారికి ఒక్క మార్పు. ట్రాక్ గాల్లో లేపి స్టాండు మీద రెవ్ చేసి చూడటం వద్దే వద్దు. లోడ్ లేనప్పుడు వచ్చే అంకెకి అర్థం లేదు, ట్రాక్ నుంచి ఏదైనా విసురుగా వస్తే మనిషి పోతాడు. క్లచ్ గార్డు తీసేసి ఎప్పుడూ నడపకండి.

ఆ మూడు అంకెలు ఏం చెబుతాయో చూద్దాం. మూడు చోట్లా 8500 అయితే వెయిట్ మొత్తంగా చాలదు. మొదట్లో 8000 ఉండి, చివర్లో 8300కి ఎక్కుతుంటే, వెయిట్ కొన వైపు బరువు పెంచాలి, లేదా ప్రైమరీ స్ప్రింగు రెండో అంకె తగ్గించాలి. 120/320 అని రాసి ఉంటే, 120 పౌండ్లు క్లచ్ పట్టుకోవడం మొదలయ్యేటప్పటి బలం, 320 పూర్తిగా మూసుకున్నప్పటిది. మొదటి అంకె పెరిగితే ఎంగేజ్‌మెంట్ ఆర్పీఎం పెరుగుతుంది. రెండో అంకె పెరిగితే పైవేగంలో ఆర్పీఎం పెరుగుతుంది. చివర్లో ఆర్పీఎం పడిపోతుంటే దీనికి తిరగేసి చేయండి. కదలగానే ముక్కుతూ, తర్వాత తేరుకుంటే ఎంగేజ్‌మెంట్ తక్కువన్నమాట, లేదా వెయిట్ మొదలు వైపు బరువెక్కువ.

చదునైన చోట అంకెలు కుదిరాక హీలిక్స్ సంగతి చూడండి. దీనికి మీటరు కన్నా మీ శరీరమే మంచి పరికరం. మలుపు ముందు థ్రాటిల్ వదిలి, మలుపు తిరిగాక ఒక్కసారిగా నొక్కండి. బండి వెంటనే ముందుకు దూకితే బ్యాక్‌షిఫ్ట్ (క్లచ్ తిరిగి లో రేషియోకి రావడం) బాగుంది. ఇంజిన్ గొంతు బరువెక్కి, అర సెకను ముక్కి, అప్పుడు లాగితే, సెకండరీ బెల్టుని తగినంత త్వరగా వెనక్కి తేలేకపోతోంది. హీలిక్స్ కోణం తక్కువది వేయాలి, లేదా సెకండరీ స్ప్రింగు బిగువు పెంచాలి. కోణం ఎక్కువైతే అప్‌షిఫ్ట్ (హై రేషియోకి వెళ్ళడం) వేగంగా జరుగుతుంది, ఆర్పీఎం దిగుతుంది, బెల్టు మీద పట్టు తగ్గుతుంది. కోణం తక్కువైతే పట్టు, బ్యాక్‌షిఫ్ట్ పెరుగుతాయి, ఆర్పీఎం కాస్త ఎక్కుతుంది. 44/36 లాంటి రెండు కోణాల హీలిక్స్‌లో మొదటి అంకె కదిలేటప్పటిది, రెండోది వేగంలో ఉన్నప్పటిది. 800 ఇంజిన్‌కి టార్క్ ఉంది కాబట్టి మొదట్లో కాస్త ఎక్కువ కోణాన్ని లాగగలదు. కానీ ఎత్తులు ఎక్కే పని ఎక్కువుంటే నేను తక్కువ కోణం వైపే మొగ్గుతాను. మెత్తటి మంచులో ఎక్కుతూ ముక్కిన బండి అక్కడే కూరుకుపోతుంది.

హీలిక్స్ మార్చిన ప్రతిసారీ ఆర్పీఎం కొంత మారుతుంది. ఒకటి రెండు గ్రాములతో మళ్ళీ 8000కి తెచ్చుకోవాలి. విసుగ్గా ఉంటుంది, కానీ ఇందులో దగ్గరి దారి లేదు.

ప్రతి పరుగు చివర ఇంజిన్ ఆపి, హుడ్ తెరిచి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు క్లచ్‌ల పలకలూ కొలవండి. ప్రైమరీ బాగా వేడెక్కి సెకండరీ చల్లగా ఉంటే జారుడు ప్రైమరీ దగ్గర. సెకండరీ వేడెక్కితే అక్కడ బిగింపు చాలదు.

ఇక గేరింగ్. ప్రైమరీ కదలని పలక మీద నడిమి నుంచి అంచు దాకా మార్కర్‌తో నిలువు గీత గీయండి. మీరు మామూలుగా నడిపే చోట ఒక ఫుల్ థ్రాటిల్ పరుగు తీసి, ఇంజిన్ ఆపి చూడండి. బెల్టు ఎంతవరకు ఎక్కిందో అంతవరకు గీత చెరిగిపోయి ఉంటుంది. అంచు దగ్గర వేలి వెడల్పు గీత మిగిలి ఉంటే, గేరింగ్ మీ వాడకానికి బరువైంది, పై స్ప్రాకెట్ చిన్నది కావాలి. గీత మొత్తం చెరిగి, బెల్టు అంచు దాటి పైకి వచ్చినట్టుండి, చివర్లో ఆర్పీఎం మళ్ళీ 8000 దాటి పెరుగుతుంటే, క్లచ్‌కి ఇక ఇవ్వడానికి రేషియో మిగల్లేదు. పెద్ద పై స్ప్రాకెట్‌కి అప్పుడు సమయం వచ్చినట్టు.

ఎంత పెద్దదో లెక్కతో తెలుస్తుంది. పైన 20, కింద 41 పళ్ళు ఉంటే రేషియో 2.05. ట్రాక్‌ని తిప్పే డ్రైవర్ చక్రానికి 8 పళ్ళు, ట్రాక్ పిచ్ (పన్నుకీ పన్నుకీ మధ్య దూరం) 2.86 అంగుళాలు అయితే, డ్రైవ్‌షాఫ్ట్ ఒక చుట్టుకి ట్రాక్ దాదాపు 581 మి.మీ. కదులుతుంది. క్లచ్ ఒకటికి ఒకటి దగ్గర (రెండు క్లచ్‌లూ ఒకే వేగంతో తిరిగేటప్పుడు) ఉన్నప్పుడు 8000 ఆర్పీఎంకి ఇది గంటకి 136 కి.మీ. పై స్ప్రాకెట్ 22 వేస్తే రేషియో 1.86, అదే చోట దాదాపు 150 కి.మీ. ఒక్కో పై పన్ను సుమారు 5 శాతం. బెల్టు సాఫీగా, చల్లగా నడిచేది ఈ ఒకటికి ఒకటి ప్రాంతంలోనే కాబట్టి, మీరు రోజూ ఎక్కువసేపు ఉండే వేగాన్ని దానికి దగ్గరగా తెచ్చుకోవడమే లక్ష్యం. ఎప్పుడో ఒకసారి తాకే గరిష్ఠ వేగం కోసం గేరింగ్ పెట్టుకోకండి. పొడవైన ట్రాక్, లోతైన లగ్గులు (ట్రాక్ మీద మంచుని పట్టే రబ్బరు పళ్ళు) ఉంటే ఒక పన్ను తక్కువే మేలు.

గొలుసు పొడవు మర్చిపోవద్దు. పై, కింది పళ్ళ మొత్తం ఒకటి రెండు మారితే సాధారణంగా టెన్షనర్ సర్దుకుంటుంది. నాలుగు పెరిగితే గొలుసుకి రెండు లింకులు ఎక్కువ కావాలి. గేరింగ్ మార్చాక లోడ్ మారింది కాబట్టి ఆ మూడు అంకెలూ మళ్ళీ రాసుకోండి, గ్రాము అటూ ఇటూ అవసరం పడవచ్చు.

ఇవి చేస్తూ ఎక్కడైనా ఆగిపోతే నాకు ఈ వివరాలు రాయండి: ప్లగ్ వైరు ట్యాకో చూపించిన మూడు ఆర్పీఎంలు, వెయిట్ మీద ముద్రించిన సంఖ్య, స్ప్రింగు రంగు లేదా అంకెలు, హీలిక్స్ మీద ఉన్న కోణం, స్ప్రాకెట్ల పళ్ళు, ట్రాక్ పొడవు, మీరు నడిపే చోటు ఎత్తు. కాలిన బెల్టుల రెండు పక్కల ఫోటోలు కూడా పెట్టండి. ముందు వాటినే చూస్తాను.